ఎనిమిదేళ్లు ఆగిన ప్రశ్న

కిలోహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ మాటల్లోని హెర్ట్జ్ ఒక మనిషి పేరని చెబితే మా తరగతి పిల్లలు ఆశ్చర్యపోతారు. పాఠంలో ఆయన గురించి ఉండేది ఒకటి రెండు వాక్యాలే. మిగతా కథ మేం చెబుతుంటాం.

హైన్రిచ్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టారు. తండ్రి న్యాయవాది. చిన్నప్పుడే చదువుతో పాటు వడ్రంగం, లేత్ పని నేర్చుకున్నారు. ఇంజినీరింగ్‌లో చేరి, తర్వాత భౌతికశాస్త్రం వైపు మళ్లారు.

1879లో బెర్లిన్ అకాడమీ ఒక బహుమతి ప్రశ్న ప్రకటించింది. కరెంటు పారని బంధక పదార్థాల్లోనూ విద్యుత్ మార్పుల వల్ల విద్యుదయస్కాంత ప్రభావం పుడుతుందా? దీన్ని తేల్చమని గురువు హెల్మ్‌హోల్ట్జ్ ప్రోత్సహించారు. హెర్ట్జ్ లెక్కలు వేసి చూశారు. అప్పటి పరికరాలతో ఆ ప్రభావం తెలిసేంతగా ఉండదని తేలింది. పని పక్కన పెట్టారు కానీ ప్రశ్నను మరువలేదు.

1886లో కార్ల్‌స్రూహె ప్రయోగశాలలో, ఒక తీగచుట్టలో నిప్పురవ్వ రేగినప్పుడు పక్క చుట్టలోనూ రవ్వ రావడం ఆయన కంటపడింది. దారి దొరికింది. 1887లో తారు, పారఫిన్, గంధకం వంటి బంధకాలతో పరీక్షించి పాత ప్రశ్నకు అవునని జవాబిచ్చారు. మరుసటి ఏడాది, చీకటి గదిలో కంటికి ఆనీ ఆనని రవ్వలను గమనిస్తూ, విద్యుత్ తరంగాలు కాంతిలాగే పరావర్తనం, వక్రీభవనం చెందుతాయని చూపారు. అందుకు వాడిన తారు పట్టకం బరువు దాదాపు 600 కిలోలు! రవ్వ నుంచి తరంగం ఎలా విడిపోతుందో మాక్స్‌వెల్ సమీకరణాలతో లెక్కగట్టి, దశలవారీగా బొమ్మలు కూడా గీశారు.

నేడు ట్రాన్స్‌ఫార్మర్ల బంధకంలో చిన్న గాలిబుడగ ఉన్నా, అందులో సూక్ష్మమైన రవ్వలు రేగుతాయి. ఇవే పాక్షిక విద్యుత్ ఉత్సర్గాలు. కొన్నాళ్లకు బంధకాన్ని తినేస్తాయి. అవి వెదజల్లే తరంగాలను యాంటెన్నాతో పట్టి, ప్రమాదాన్ని ముందే పసిగడతారు. యాంటెన్నా ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఆ తరంగాల నడకను కంప్యూటర్‌లో అనుకరిస్తారు. లోపలి స్థలాన్ని చిన్న గడులుగా విభజించి, గడిగడికీ అవే సమీకరణాలు సాధిస్తారు. హెర్ట్జ్ చేత్తో గీసిన బొమ్మలకు ఇది కొనసాగింపే.

1894 జనవరి 1న, 37 ఏళ్లు నిండకుండానే, ఆయన బాన్‌లో కన్నుమూశారు. పౌనఃపున్య ప్రమాణానికి ఆయన పేరు 1930లో పెట్టారు.

లెక్క రాలేదని నోటుబుక్ మూసేసిన పిల్లల్ని చూసినప్పుడు మాకు ఆ ఎనిమిదేళ్లు గుర్తొస్తాయి. ఇంట్లో రంపం, సుత్తి పట్టిన పిల్లల్నీ అమ్మానాన్నలు చదువు పాడవుతుందని కసరొద్దు. హెర్ట్జ్ చదువుకు ఆ చేతిపనే తోడైంది.