జూల్ బోర్డే

కాలిలో ముల్లు విఱిగినచోట ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచి సలుపును. ఆ వాపు శరీరము సూక్ష్మజీవులతో సాగించు పోరాటమని తెలిసికొనుటకు తోడ్పడినవారిలో జూల్ బోర్డే యొకడు.

ఆయన 1870లో బెల్జియము దేశమందలి స్వాన్యీ పట్టణమున ఒక ఉపాధ్యాయుని యింట జన్మించెను. వైద్యపట్టము పొంది, 1894లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో మెచ్నికాఫ్ పండితుని శిష్యుడయ్యెను. శరీరమును కాపాడునవి ప్రధానముగా తెల్లకణములే యని గురువుగారి దృఢవిశ్వాసము. శిష్యుని దృష్టియో, గడ్డకట్టిన రక్తమునుండి వేఱుపడు పసుపుపచ్చని ద్రవమగు సీరముపై నిలిచెను. అది సాహసమే.

కలరా క్రిములకు అలవాటుపఱచిన జంతువు సీరము ఆ క్రిములను కరిగించును. దానిని 55 డిగ్రీల వఱకు కాచినచో ఆ శక్తి నశించును. అట్లు కాచిన సీరములో, వేఱొక సాధారణ జంతువు తాజా సీరమును కొంచెము కలిపినంతనే, పోయిన శక్తి మరల వచ్చెను! విడివిడిగా నిష్ప్రయోజనములైన రెండును కలిసి క్రిములను చంపినవి. కనుక వేడికి ఓర్చునదియు, ఓర్వనిదియు నని సీరములో రెండు పదార్థములు కలవని 1895లో బోర్డే నిశ్చయించెను. వేడికి ఓర్వని దానికే తరువాత ఎర్లిక్ కాంప్లిమెంట్, అనగా పూరకము, అని పేరిడెను.

పూరకము అనేక ప్రోటీనుల గుంపు అని తరువాతివారు కనుగొనిరి. అవి ఒకదానినొకటి మేల్కొల్పును. వాటి తునకలు రక్తనాళములనుండి ద్రవము ఊరునట్లు చేసి, తెల్లకణములను అచ్చటికి రప్పించును. ముల్లు విఱిగినచోటి వాపునకు ఇదియు నొక కారణము. గురువు నమ్మిన కణములును, శిష్యుడు పరిశోధించిన ద్రవమును ఒకే పోరాటమున తోడునిలుచుచున్నవి.

1906లో బోర్డే, గెంగూతో కలిసి, కోరింతదగ్గు క్రిమిని గూర్చి ప్రకటించెను. 1919వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు లభించెను. 1961లో బ్రస్సెల్సు నగరమున మరణించెను.