తండ్రి పోయినా భూమి పోకూడదు: కొమురం భీం జీవితం

కొమురం భీం పేరు వినగానే మీలో చాలామందికి 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమా గుర్తుకొస్తుంది. అందులో భీం, అల్లూరి సీతారామరాజు స్నేహితులైనట్టు చూపింది కథ కోసం కల్పించినదే. అసలు భీం ఎవరో, ఎలా బతికాడో, ఎందుకు చనిపోయాడో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లి గూడెంలో గోండు కుటుంబంలో పుట్టాడు. జంగారెడ్డిగూడెం నుంచి ఆ ఊరు చాలా దూరం. అయినా గోండులు మనకు పరాయివాళ్లు కారు. వాళ్లు తమను కోయితోర్ అని చెప్పుకుంటారు. మన కోయవాళ్లూ అదే మాట చెప్పుకుంటారు. గోండీ, కోయ భాషలు అక్కచెల్లెళ్లు.

అప్పట్లో ఆ అడవులు నిజాం ప్రభుత్వం చేతిలో ఉండేవి. తాతల నాటి పోడు భూములను రిజర్వు అడవిలో కలిపేశారు. పశువులు మేపితే పన్ను, వంటచెరకు తెచ్చుకుంటే పన్ను. గోండుల దగ్గర భూమికి కాగితం అంటూ ఏదీ లేదు. ఎవరైనా వచ్చి ఈ భూమి నాదంటే ఎదురు చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

భీం ఇంకా పిల్లవాడుగా ఉన్నప్పుడే తండ్రి కొమురం చిన్నూ అటవీ సిబ్బంది చేతిలో చనిపోయాడు. ఇంటి పెద్ద పోయాక కుటుంబం సొంత ఊళ్లో నిలవలేకపోయింది. కెరమెరి వైపు సుర్దాపూర్ వెళ్లి మళ్లీ పోడు కొట్టుకున్నారు. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనే భూస్వామి వచ్చి ఆ భూమి తనదన్నాడు. ఆ గొడవలో భీం చేతిలో అతను చనిపోయాడు. భీం ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది.

బల్లార్షా, చంద్రాపూర్ మీదుగా చివరికి అస్సాం చేరి తేయాకు తోటల్లో కూలీగా కొన్నేళ్లు పనిచేశాడు. బడి మెట్లెక్కని ఆ యువకుడు ఈ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తోటల్లో కూలీలు కలిసికట్టుగా నిలబడటం కూడా అక్కడే చూశాడు. సినిమాలో కనిపించే బలం కంటే భీంకు ఎక్కువ పనికొచ్చింది ఈ చదువేనని టీచర్ ట్రైనింగ్ అయిన మనిషిగా నా నమ్మకం.

ఎందుకంటే, తిరిగొచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరిన భీం, ఆ పెద్దాయన భూమి వ్యాజ్యంలో తోడుగా నిలబడ్డాడు. కాగితం చదవగలిగినవాడు పక్కనుంటే ఎంత ధైర్యమో గూడేలవాళ్లకు అప్పుడు తెలిసింది. పెళ్లి చేసుకుని కాపురం పెట్టాడు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ ఉన్న 12 గూడేల వాళ్లు ఆయనను నాయకుడిగా ఒప్పుకున్నారు. అటవీ సిబ్బంది మళ్లీ వెళ్లగొట్టడానికి వచ్చినప్పుడు ఆయన ముందుగా ఆయుధం పట్టలేదు. ఆ 12 గూడేల భూములకు హక్కు ఇమ్మని నిజాంకు చెప్పుకోవడానికి హైదరాబాదు వెళ్లాడు. దర్శనం దొరకలేదు. ఆ తర్వాతే పోరాటం. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసుల తూటాలకు అనుచరులతో పాటు నేలకొరిగాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు. తండ్రి లేకుండా పెరిగినవాడే తన పిల్లలకు తండ్రి లేకుండా పోయాడు.

కానీ ఈసారి కథ అక్కడితో ఆగలేదు. ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. గోండుల భూములు పోతున్న తీరును ఆయన రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. భూమికి కాగితం, ఆ కాగితం చదవగలిగే చదువు, ఆయన పోయాక ఆ గూడేలకు చేరడం మొదలైంది.

మా హాస్టల్‌లో ఏటా నాన్న లేని పిల్లలు చేరుతూనే ఉంటారు. నాన్న పోయిన ఏడాదే చాలా ఇళ్లల్లో చదువు ఆగుతుంది, భూమి కౌలుకని, అప్పుకని చేయి జారుతుంది. ఇప్పుడు మనకు చట్టాల అండ ఉంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి పేరుకు మారడానికి వీల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. దాన్ని అమ్మడం కుదరదు, వారసులకు మాత్రం వస్తుంది. తెలియకపోతే ఈ హక్కు బీరువాలోనే ఉండిపోతుంది.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి జరుపుతారు. మన సంఘంలోనూ దండ వేస్తాం, డోలు కొడతాం. ఈసారి దానితో పాటు ఇంకో పని చేయండి. ఇంటికి వెళ్లి పట్టా తీసి మీరే చదవండి. అందులో అమ్మ పేరు ఉందో లేదో చూడండి. నాన్న లేని ఇల్లయితే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని తహసీల్దారు ఆఫీసుకు గానీ, కె.ఆర్.పురం ఐటీడీఏకు గానీ వెళ్లి అడగండి. పక్కింటి అవ్వకు చదువు రాకపోతే ఆమెదీ చదివి చెప్పండి. లచ్చు పటేల్‌కు భీం చేసింది అదే.