డాక్టర్ జోర్ — ఒక ఉపకార వేతనం ఫలించిన తీరు

అమీర్‌పేటకు పొరుగున, పంజగుట్టలో ఉన్న ఐవాన్-ఎ-ఉర్దూ భవనం మనకు సుపరిచితమే. దాని వెనుక ఒక ఉపకార వేతనపు చరిత్ర ఉన్నది.

1905లో హైదరాబాదులో జన్మించిన సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఉస్మానియాలో ఎం.ఏ. ముగించి, నిజాం ప్రభుత్వ వేతనంతో లండన్ వెళ్లి 1929లో డాక్టరేట్ పొందారు. పారిస్‌లో భాషాశాస్త్రం అభ్యసించి, 1930లో హిందూస్తానీ ధ్వనులపై గ్రంథం ప్రకటించారు. తిరిగివచ్చి 1931లో మిత్రులతో కలసి ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించారు. ఐవాన్-ఎ-ఉర్దూ ఆ సంస్థకే నిలయం. శిథిలమవుతున్న వ్రాతప్రతులను సేకరించి, వాటికి వివరణ సూచికలు కూర్చారు. గోల్కొండ ప్రభువు ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవితలను పరిష్కరించి 1940లో వెలువరించారు. 1962లో శ్రీనగర్‌లో అస్తమించారు. ఒక్కరికి అందిన వేతనం ఆ విధంగా తరువాతి పరిశోధకులందరికీ గ్రంథ భాండారమైనది.

అల్పసంఖ్యాక పరిశోధకులకై 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో నిలిపివేసింది. నెట్ పరీక్షలో ప్రతిభ చూపినవారికి యు.జి.సి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉన్నది. విద్యార్థి మిత్రులు దానికి ఇప్పటినుండే సిద్ధపడాలి. మన కళాశాల నుండి పరిశోధనకు వెళ్లే పేద విద్యార్థి ఒక్కరికైనా ఏటా కొంత వేతనం ఏర్పరచవలసినదిగా పాలక సంఘం పెద్దలకు మా విన్నపం.