సుబ్బారావుగారూ, మన రక్తమూ

ఫోలిక్ ఆమ్లం మాత్రను చూడని గర్భిణి మన పల్లెల్లో అరుదు. దాని వెనకున్న తెలుగువాడు ఎందరికి తెలుసు? జీవరసాయనశాస్త్రం చదువుతున్న నాకే ఈమధ్య దాకా సరిగా తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టడం శస్త్రచికిత్స ఆచార్యుడికి కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే గ్రహణి వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖమే ఆయన్ను పరిశోధనకు పురికొల్పింది.

1922లో బోస్టన్ చేరారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. గ్రహణికీ, గర్భిణుల రక్తహీనతకూ అదే మందైంది.

ఆ మందు కథ అక్కడితో ఆగలేదు. ఆకుకూరల్లో దొరికే ఫోలేట్ గానీ, బి12 గానీ తగ్గితే రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. అది రక్తనాళాలను దెబ్బతీస్తుందని 1969లో కిల్మర్ మెక్‌కల్లీ సూచించారు. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచేవాటిలో ఇదొకటని తరువాత తేలింది. మాత్ర మింగితే గడ్డ రాదని మాత్రం రుజువు కాలేదు.

ఇదంతా నాకెందుకంటారా? మా నల్లపాడులో ఇప్పటికీ కొందరు పెద్దలు పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు, ఆకుకూరలు తగ్గిస్తారు. కాన్పయిన కొత్తలో రక్తం మామూలుగానే తొందరగా గడ్డకడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ముప్పు మరింత పెరుగుతుంది. రోజురోజుకీ ముదిరే తలనొప్పి, వాంతులు, చూపు మసకలు, ఫిట్సు వస్తే గాలి సోకిందని దిష్టి తీస్తూ కూర్చోకూడదు. అది మెదడు సిరలో గడ్డ కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే హెపారిన్ వంటి మందులతో చాలామంది కోలుకుంటారు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్కులో కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. 1995లో ఆయన పేర తపాలా బిళ్ల వెలువడింది. సంతోషమే! కానీ మిత్రులారా, దాహమన్న బాలింతకు గ్లాసెడు నీళ్లివ్వండి, గోంగూరో తోటకూరో వండిపెట్టండి, ఆమె తలనొప్పంటే చెవిన పెట్టండి. అన్నదమ్ములను పోగొట్టుకుని పరిశోధనకు దిగిన ఆ మహనీయునికి ఇంతకు మించిన నివాళి లేదు.