బ్రష్ లేని మోటారు కోసం బతికిన నికోలా టెస్లా

మా గదిలో ఒక ఫ్యాను ఉండేది. స్విచ్ వేస్తే మూలిగేదే తప్ప తిరిగేది కాదు. చీపురుకర్రతో రెక్కను ఎటు తోస్తే అటే తిరిగేది. కండెన్సర్ పోయిందని అందరికీ తెలుసు. కండెన్సర్ లేకపోతే ఎందుకు తిరగదో మాత్రం ఐ.టి.ఐ. చదివే మా సీనియర్ అన్న చెప్పేదాకా మాకు తెలియదు. ఆ సమాధానం కోసం ఏళ్ళ తరబడి తపించిన శాస్త్రవేత్త గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులతో పంచుకుంటున్నాము.

నికోలా టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో ఒక సెర్బు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోది, ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. తండ్రి క్రైస్తవ మతగురువు. తల్లి చదువుకోలేదు గానీ ఇంటి పనిముట్లు తానే తయారు చేసుకునేది. కొడుకు కూడా మతగురువు కావాలని తండ్రి పట్టుబట్టారు. టెస్లాకు కలరా వచ్చి చావు దాకా వెళ్ళాక గానీ ఇంజనీరింగుకు ఒప్పుకోలేదు.

1875లో స్కాలర్‌షిప్‌తో గ్రాజ్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరారు. అక్కడ ప్రొఫెసర్ ఒక డి.సి. యంత్రాన్ని మోటారుగా నడిపి చూపిస్తుంటే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు రాలాయి. బ్రష్‌లు లేకుండా మోటారు చేయవచ్చు కదా అన్నారు టెస్లా. అది జరగని పని అని ప్రొఫెసర్ తరగతి ముందే తేల్చేశారు. తరువాత టెస్లా జూదంలో పడి, పరీక్షలు రాయక, 1878లో డిగ్రీ లేకుండానే కాలేజీ వదిలారు. ఆ సంగతి దాచి ఆయనను పొగడడం మాకు ఇష్టం లేదు.

కానీ ఆ ప్రశ్న ఆయనను వదలలేదు. 1882లో బుడాపెస్ట్ పార్కులో మిత్రుడితో నడుస్తుండగా జవాబు తట్టింది. అక్కడే పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి చూపించారు. ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే ఎ.సి. ఫేజులను వేర్వేరు కాయిళ్ళకు ఇస్తే, కాయిళ్ళు కదలకుండానే వాటి మధ్య అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. అది లోపలి రోటర్‌లో కరెంటు పుట్టించి దాన్ని తన వెంట లాక్కుపోతుంది. రోటర్‌కు తీగ కలపనక్కర లేదు, బ్రష్ అక్కర లేదు. మన ఫ్యానుకు వచ్చేది ఒక్కటే ఫేజు. దానితో క్షేత్రం ఊగిసలాడుతుందే గానీ తిరగదు. రెండో ఫేజులాంటిదాన్ని కల్పించేది కండెన్సరే!

1884లో అమెరికా చేరి కొంతకాలం ఎడిసన్ కంపెనీలో పనిచేశారు. తరువాత సొంతంగా పెట్టుకున్న కంపెనీలో పెట్టుబడిదారులు ఆయనను పక్కకు నెట్టేశారు. 1886లో రోజుకు రెండు డాలర్ల కూలికి కాలువలు తవ్వారు. సెలవుల్లో కూలికి వెళ్ళి వచ్చే మన హాస్టల్ మిత్రులకు ఈ మాట వేరే చెప్పనక్కర లేదు.

1888 మే నెలలో ఆయన మోటారుకు పేటెంట్లు వచ్చాయి. వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాటిని తీసుకుంది. ఇటలీలో ఫెరారిస్ కూడా విడిగా ఇదే సూత్రం కనిపెట్టారని చెప్పడం న్యాయం. నేడు పొలాల్లో చూసే త్రీ ఫేజ్ మోటారుకు దగ్గరి రూపాన్ని 1889లో దోలివో-దోబ్రోవోల్‌స్కీ ఇచ్చారు. 4 పోళ్ళ మోటారు మీది రేకు చూడండి. 50 సైకిళ్ళ కరెంటుకు క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, రేకు మీద మాత్రం 1440 వంటి అంకె ఉంటుంది. రోటర్ క్షేత్రాన్ని అందుకుంటే ఇక దానిలో కరెంటు పుట్టదు, అందుకే కొంచెం వెనకబడే ఉంటుంది. వెనకబడకుండా సమంగా తిరిగేది సింక్రనస్ మోటారు. వంటింటి మిక్సీది మాత్రం ఇప్పటికీ బ్రష్‌ల మోటారే. చీకట్లో దాని సందుల్లోంచి చూస్తే గ్రాజ్‌లో రాలిన రవ్వలే కనిపిస్తాయి.

1896లో నయాగరా జలపాతం కరెంటు ఎ.సి. పద్ధతిలోనే బఫలో నగరానికి చేరింది. వెస్టింగ్‌హౌస్ అప్పుల్లో పడినప్పుడు హార్స్‌పవర్‌కు రెండున్నర డాలర్ల రాయల్టీని టెస్లా వదులుకున్నారు. ఒప్పందాన్ని చించేశారనే కథ ఎలా ఉన్నా, ఆ డబ్బు ఆయనకు దక్కలేదు. చివరి ఏళ్ళలో హోటలు బిల్లులు కట్టలేక గదులు మారుతూ, పావురాలకు గింజలు వేస్తూ గడిపారు. 1943 జనవరి 7న న్యూయార్కర్ హోటల్ 3327వ నంబరు గదిలో ఒంటరిగా కన్నుమూశారు. మరునాడు గది శుభ్రం చేయడానికి వచ్చిన పనిమనిషి చూసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.