యంత్రనాదానికి తంబూరా శ్రుతి: గీతా సారాభాయ్ జీవితం

ఎలక్ట్రానిక్ సంగీతం అనగానే జర్మనీ, బ్రిటన్, అమెరికా, జపాన్ దేశాల పేర్లే గుర్తుకు వస్తాయి. ఆ సంగీత చరిత్రను చాటే గ్రామఫోన్ రికార్డుల సంపుటాలలో భారతదేశానికి చాలాకాలం చోటు దక్కలేదు. 2023లో ‘ది ఎన్ఐడీ టేప్స్’ పేరిట రెండు వినైల్ రికార్డుల సంపుటి విడుదల కావడంతో ఆ లోటు కొంత తీరింది. 1969 నుంచి 1972 వరకు అహ్మదాబాద్‌లోని ఒక స్టూడియోలో రూపొందిన రచనలు అందులో ఉన్నాయి. ఆ స్టూడియో ఏర్పాటుకు ప్రధాన కారకురాలు, అక్కడ స్వయంగా సంగీతం కూర్చిన విదుషీమణి గీతా సారాభాయ్ మాత్రం ఆ సంపుటిని చూడలేదు. అప్పటికి పన్నెండేళ్ల క్రితమే, 2011లో ఆమె కన్నుమూశారు.

మిల్లు యజమాని ఇంట సంగీత సాధన

గీత 1922లో అహ్మదాబాద్‌లో జన్మించారు. తండ్రి అంబాలాల్ సారాభాయ్ కాలికో మిల్లుల అధిపతి, తల్లి సరళాదేవి. వారి ఎనిమిది మంది సంతానంలో ఆమె ఒకరు. భారత అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రమ్ సారాభాయ్, స్వాతంత్ర్య సమరయోధురాలు మృదులా సారాభాయ్ ఆమె తోబుట్టువులే. పిల్లలను బడికి పంపకుండా, దేశవిదేశాల నుంచి ఉపాధ్యాయులను రప్పించి ఇంటివద్దనే చదువు చెప్పించారు. రవీంద్రనాథ్ ఠాకూర్ వంటి వారు అతిథులుగా విచ్చేసే గృహం అది.

భిన్నాభిప్రాయాలకు ఆ కుటుంబం అలవాటుపడినది. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు గాంధీజీ నాయకత్వంలో సమ్మె చేసినప్పుడు, అంబాలాల్ సోదరి అనసూయ కార్మికుల పక్షాన నిలిచారు. యజమానుల పక్షాన నిలిచినది స్వయంగా అంబాలాల్. అయినా అక్కాతమ్ముళ్ల అనుబంధం తెగిపోలేదు. ఎదుటివారి మార్గం వేరైనా వారితో సంభాషణ మానరాదన్న సంస్కారం గీతకు ఆ ఇంటి నుంచే అబ్బింది.

గీత హిందుస్థానీ గాత్రంతో పాటు పఖావజ్ నేర్చుకున్నారు. దక్షిణాదిలో మృదంగానికి ఉన్న స్థానం ఉత్తరాది ధ్రుపద సంప్రదాయంలో పఖావజ్‌కు ఉంది. గంభీరమైన ధ్వని, కఠినమైన సాధన గల ఆ వాద్యాన్ని అంతవరకు పురుషులే వాయించేవారు. పఖావజ్ చేపట్టిన తొలి మహిళల్లో ఒకరిగా ఆమె గుర్తింపు పొందారు.

న్యూయార్క్‌లో ఇచ్చిపుచ్చుకున్న విద్య

సినిమాల ద్వారా, గ్రామఫోన్ ద్వారా, రేడియో ద్వారా పాశ్చాత్య బాణీలు నాడు దేశంలోకి వేగంగా ప్రవేశిస్తున్నాయి. ఆ ప్రభావం భారతీయ సంగీతాన్ని ఏ దిక్కుకు నడిపిస్తుందోనన్న ఆందోళన గీతను వేధించింది. తెలియని దానిని నిందించడం కన్నా దాని మూలాలను తెలుసుకోవడమే మేలని ఆమె భావించారు. 1946లో, సుమారు 24 ఏళ్ల వయసులో, పాశ్చాత్య సంగీతాన్ని అభ్యసించేందుకు న్యూయార్క్ చేరుకున్నారు.

అక్కడ ఆమెకు జాన్ కేజ్ పరిచయమయ్యారు. ఆధునిక పాశ్చాత్య సంగీతాన్ని మలుపు తిప్పిన షోన్‌బెర్గ్‌కు ఆయన శిష్యుడు. వారిద్దరి మధ్య కుదిరిన ఒప్పందంలో ధనం ప్రసక్తి లేదు. ఆయన ఆమెకు కౌంటర్‌పాయింట్‌ను, అంటే వేర్వేరు స్వరపంక్తులను ఏకకాలంలో నడిపించే పద్ధతిని, సమకాలీన సంగీతాన్ని బోధించాలి. ప్రతిగా ఆమె ఆయనకు భారతీయ సంగీత శాస్త్రాన్ని బోధించాలి. కొద్ది నెలల పాటు సాగిన ఆ పాఠాలలో గురువెవరో, శిష్యుడెవరో విడదీయలేని స్థితి ఏర్పడింది.

కేజ్ అప్పుడు తీవ్రమైన సందిగ్ధంలో ఉన్నారు. వివాహబంధం తెగిపోయింది. తన రచనలు శ్రోతలకు చేరడం లేదని, సంగీతం ఎందుకు రాయాలో తెలియడం లేదని ఆయన మథనపడుతున్నారు. సంగీత ప్రయోజనమేమిటని అడిగినప్పుడు గీత తన గురువు వద్ద విన్నదే చెప్పారు. మనసును నిర్మలపరచి, శాంతపరచి, దైవిక ప్రభావాలను స్వీకరించేందుకు సిద్ధం చేయడమే సంగీతం పని అన్నది ఆ బోధ సారాంశం. స్వదేశానికి తిరిగి వచ్చే ముందు ఆమె ఆయనకు శ్రీరామకృష్ణుల బోధామృతం ఆంగ్ల గ్రంథాన్ని కానుకగా ఇచ్చారు.

ఆ మాట, ఆ గ్రంథం తన దృక్పథాన్ని మార్చివేశాయని కేజ్ జీవితాంతం చెప్పుకున్నారు. 1946 నుంచి 1948 వరకు ఆయన రచించిన ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌ల్యూడ్స్’ భారతీయ రససిద్ధాంతాన్ని ఆధారం చేసుకున్నది. ఆ సిద్ధాంతాన్ని ఆయన ఆనంద కుమారస్వామి గ్రంథాల నుంచి గ్రహించారు. ‘అభినయ దర్పణం’ ఆంగ్లానువాదంలో అదే కుమారస్వామికి సహరచయితగా నిలిచినది చీరాల పేరాల ఉద్యమ సారథి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. 1952లో కేజ్ పేరును ప్రపంచమంతటా మార్మోగించిన ‘4 నిమిషాల 33 సెకన్లు’ రచనలో వాద్యకారుడు ఒక్క స్వరమైనా పలికించడు. దానిని తొలిసారి వేదికపై ప్రదర్శించిన పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్. పదిహేడేళ్ల తరువాత గీత జీవితంలో ఆయన మరో రూపంలో ప్రవేశించారు.

సబర్మతి తీరాన కొత్త యంత్రం

స్వదేశానికి తిరిగివచ్చిన గీత 1949లో అహ్మదాబాద్‌లో ‘సంగీత కేంద్ర’ను స్థాపించారు. సంప్రదాయ సంగీతాన్ని ధ్వనిముద్రణ చేసి భద్రపరచడం ఆ సంస్థ ఆశయాల్లో ముఖ్యమైనది. పాశ్చాత్య విద్యను అభ్యసించి వచ్చిన ఆమె తొలుత చేపట్టిన పని ఇంటి సొత్తును కాపాడుకోవడమే. 1964లో మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్య బృందంతో కలిసి కేజ్, ట్యూడర్ భారతదేశానికి వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లో వారికి ఆతిథ్యమిచ్చినది సారాభాయ్ కుటుంబమే.

గీత తోబుట్టువులు గౌతమ్, గీరా కృషితో 1961లో నెలకొన్న జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ అప్పటికే సబర్మతి తీరాన కొత్త ఆలోచనలకు నిలయమైంది. 1969లో ట్యూడర్ మళ్లీ అహ్మదాబాద్ వచ్చారు. ఈసారి ఆయన వెంట మోగ్ సింథసైజర్, టేపు రికార్డర్లు ఉన్నాయి. కొద్ది నెలల పాటు అక్కడే ఉండి, ఎన్ఐడీలో దేశంలోనే తొలి ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను ఆయన నెలకొల్పారు.

ఆ ఏడాదికి భారత విజ్ఞానరంగంలోనూ విశేష స్థానముంది. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఆంధ్ర తీరంలోని శ్రీహరికోట దీవి ఎంపికైనదీ అదే ఏడాది. సోదరుడు ఆకాశం వైపు దృష్టి సారించిన సమయంలో సోదరి ధ్వనిలో కొత్త దారులు వెతికారు.

అమెరికన్ ఇంజినీర్ రాబర్ట్ మోగ్ 1964లో తొలి నమూనాను వెలువరించిన ఆ యంత్రం నేటి కీబోర్డుల వంటిది కాదు. బీరువాను తలపించే పెట్టెలలో ఎన్నో విభాగాలు అమర్చి ఉండేవి. ఒక విభాగం విద్యుత్ కంపనాలతో ధ్వనిని పుట్టిస్తుంది. మరొకటి వడపోసి ఆ ధ్వని స్వభావాన్ని మారుస్తుంది. ఇంకొకటి అది ఎప్పుడు పుంజుకోవాలో, ఎప్పుడు అణగాలో నిర్ణయిస్తుంది. ఈ విభాగాలను తీగలతో కలుపుతూ, వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ స్వరాన్ని నడిపించాలి. ఒక వేళ ఒక్క స్వరమే పలుకుతుంది కనుక, పొరలు పొరలుగా వినిపించాలంటే టేపుపై మళ్లీ మళ్లీ ముద్రించుకోవలసిందే.

పాశ్చాత్య పియానోలో మెట్ల మధ్య స్వరాలకు తావు లేదు. ఈ యంత్రంలో మాత్రం శ్రుతిని అవిచ్ఛిన్నంగా జార్చవచ్చు, తంబూరా వలె ఒకే ఆధార నాదాన్ని ఎంతసేపైనా నిలపవచ్చు. గమకానికి, శ్రుతికి అలవాటుపడిన చెవికి ఇది పూర్తిగా పరాయి వస్తువు కాదు. అందువల్లనే ఆ స్టూడియోలో పనిచేసినవారు పాశ్చాత్యుల అనుకరణతో ఆగిపోలేదు. గీతతో పాటు గాయకుడు అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, యువకుడైన జిన్‌రాజ్ జోషీపురా అక్కడ రచనలు చేశారు. జపాన్‌లోని ఒసాకాలో 1970లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం దేశాయ్ ధ్వనులు కూర్చారు. అంతరిక్షయానాన్ని ఊహిస్తూ జోషీపురా ‘స్పేస్ లైనర్ 2001’ రచించారు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ తన ‘ఆటోబాన్’ రికార్డుతో ఎలక్ట్రానిక్ బాణీని ఇంటింటికీ చేర్చినది 1974లో. అహ్మదాబాద్ ప్రయోగాలు అంతకు ముందువే.

అర్ధ శతాబ్దపు మౌనం

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. 1971 డిసెంబరు 30న కోవళంలో విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా మరణించారు. 1970ల ఆరంభంలోనే సారాభాయ్ కుటుంబం ఎన్ఐడీ నిర్వహణ నుంచి తప్పుకుంది. స్టూడియో మూతపడింది. అక్కడ పుట్టిన సంగీతం రికార్డులుగా వెలువడలేదు, ఆకాశవాణి ద్వారా జనానికి చేరలేదు. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. 1980లలో సింథసైజర్ మన సినిమా పాటలను ముంచెత్తినప్పుడు, అది అంతా విదేశాల నుంచి నేరుగా దిగుమతి అయిందనే భావన స్థిరపడింది. దేశంలోనే దానికొక పూర్వరంగం ఉందన్న సంగతి సంగీతకారులకు సైతం తెలియలేదు.

గీత ప్రతిష్ఠ కోసం పాకులాడలేదు. సంగీత కేంద్ర పనిలో, సాధనలో, విద్వాంసులకు అండగా నిలవడంలో శేషజీవితం గడిపారు. కేజ్ జీవిత చరిత్రలలో ఆయనకు భారతీయ తత్త్వాన్ని పరిచయం చేసిన యువతిగా ఆమె ప్రస్తావన వస్తుంది. ఆమె ఆయనకు ఏమి ఇచ్చారో ఆ గ్రంథాలు నమోదు చేశాయి. ఆయన వద్ద నేర్చుకున్నదానితో ఆమె ఏమి చేశారన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రశ్నకు సమాధానం ఎన్ఐడీ భాండాగారంలోనే దొరికింది. బ్రిటన్‌కు చెందిన సంగీతకారుడు, పరిశోధకుడు పాల్ పర్గస్ ఆ టేపులను గుర్తించి, వాటి పునరుద్ధరణకు పూనుకున్నారు. 2020లో బీబీసీ రేడియో ఈ చరిత్రపై ఆయన రూపొందించిన కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. మూడేళ్ల తరువాత వినైల్ సంపుటి వెలువడింది. అందులో ఇతరుల రచనల సరసన గీత రచన కూడా ఉంది. అన్యుల కథలో పాత్రగా మిగిలిన ఆమె అలా స్వరకర్తగా శ్రోతల ముందుకు వచ్చారు.

పరాయి సంగీతం తమ సంగీతాన్ని మింగివేస్తుందన్న భయంతో సముద్రాలు దాటిన యువతి, రెండు దశాబ్దాల తరువాత ఆ పరాయి లోకపు అత్యాధునిక యంత్రాన్ని తానే ఇంటికి ఆహ్వానించారు. ఈ రెంటి మధ్య వైరుధ్యం లేదు. తన విద్యపై పట్టు సాధించినందువల్లనే ఇతరుల పనిముట్టును ఆమె భయం లేకుండా చేతబట్టగలిగారు. ఇచ్చినదానికి సమానంగా పుచ్చుకున్నారు, పుచ్చుకున్నదానిని తన శ్రుతికి అనుగుణంగా మలచుకున్నారు. కృత్రిమ మేధ పాటలు కడుతున్న ఈ కాలంలో, కొత్త యంత్రాన్ని ఎలా స్వీకరించాలో తెలుసుకోగోరేవారికి గీతా సారాభాయ్ జీవితం పాతబడని పాఠం.