కోరస్‌కు పాట వెతికిన సలిల్ చౌధురి

1953లో వచ్చిన 'దో బీఘా జమీన్' చూసినవారికి ఆ పాట గుర్తుండే ఉంటుంది. జమీందారు అప్పు తీర్చి రెండు బిఘాల పొలం నిలబెట్టుకోవడానికి బక్కరైతు శంభు కలకత్తా బయల్దేరతాడు. వెనక ఊరి జనం పాట వినిపిస్తుంది. మన్నా డే, లతా మంగేష్కర్, వాళ్లతో పాటు పెద్ద కోరస్. తరతరాలుగా ఆ పొలాల గట్ల మీదే పుట్టి పెరిగిన పాటలా ఉంటుంది. కానీ దాని వరుస రష్యాది. సోవియట్ స్వరకర్త లెవ్ క్నిప్పర్ 1930లలో తన నాలుగో సింఫనీలో వాడిన బృందగీతం అది. ఎర్రసైన్యం గాయకుల నోట దేశాలు తిరిగి 'మెడోలాండ్స్' పేరుతో ప్రసిద్ధమైంది. మైదానాల్లో గుర్రాల మీద సాగే సైనికుల పాటను పొలం పోగొట్టుకోబోతున్న భారతీయ రైతుకు ఇచ్చినవాడు సలిల్ చౌధురి. ఆ సినిమాకు మూలమైన కథ రాసింది కూడా ఆయనే.

ఇది కాపీ కాదా? ఆ ప్రశ్న సలిల్‌ను జీవితాంతం వెంటాడింది. కాపీ అని తేల్చి పక్కన పెట్టేస్తే మాత్రం అసలు విషయం చేజారుతుంది. ఆయన తొలినాళ్ల నుంచీ వెతికింది సినిమాకు బాణీ కాదు. పదిమంది, యాభైమంది, అవసరమైతే మైదానం నిండా జనం గొంతు కలిపి పాడగలిగే పాటను ఆయన వెతికాడు. అలాంటి పాటలు మన దగ్గర లేవా అంటే, భజన, జానపదం, కీర్తన అన్నీ ఉన్నాయి. అయితే వాటిలో అందరూ పాడేది ఒకే వరుస. ఒకరు అందుకుంటారు, మిగిలినవాళ్లు అదే తిరిగి పాడతారు. ఒకే సమయంలో కొందరు పై స్వరంలో, కొందరు కింది స్వరంలో వేర్వేరు దారుల్లో నడిచి ఒకే పాటగా వినిపించే పద్ధతి మన సంగీతంలో పెరగలేదు. గమకం, రాగ సంచారం మీద నడిచే సంగీతానికి దాని అవసరం కూడా రాలేదు.

సలిల్‌కు ఆ రెండో పద్ధతి చిన్నప్పుడే చెవిన పడింది. పుట్టింది బెంగాల్‌లోని 24 పరగణాల జిల్లా గాజీపూర్‌లో. పుట్టినరోజు నవంబర్ 19. సంవత్సరం 1925 అని ఎక్కువగా చెబుతారు, 1922, 1923 అనే లెక్కలూ ఉన్నాయి. బాల్యం మాత్రం అస్సాం తేయాకు తోటల్లో గడిచింది. తండ్రి అక్కడ డాక్టరు. దేశం విడిచి వెళ్తున్న ఐరిష్ డాక్టరు ఒకరు తన గ్రామఫోన్‌నూ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు రికార్డులనూ ఆయనకు ఇచ్చి వెళ్లారు. ఇంట్లో మొజార్ట్, బేతోవెన్ మోగుతుంటే బయట కూలీల పాటలు వినిపించేవి. తండ్రి ఆ కూలీలతో నాటకాలు కూడా వేయించేవాడు. ఈ రెండింటిలో ఏది పెద్ద సంగీతం, ఏది చిన్నది అని వేరుచేసి చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు. తర్వాత సలిల్ చేసిన పనికంతా పునాది ఇక్కడే పడిందనుకోవచ్చు.

కాలేజీ చదువుకు కలకత్తా చేరేసరికి బెంగాల్‌ను 1943 కరువు తినేసింది. లక్షలమంది చనిపోయారు. అదే ఏడాది బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం, అంటే ఇప్టా, పుట్టింది. మన దగ్గర ప్రజానాట్యమండలి బుర్రకథనూ వీధి భాగవతాన్నీ చేతబట్టినట్టే, బెంగాల్ దళాలు కీర్తన, భటియాలీ, బావుల్ బాణీలను అందుకున్నాయి. జ్యోతిరింద్ర మైత్ర కరువు మీద బృందగీతాల మాలికే కట్టాడు. సలిల్ రైతు ఉద్యమంలో తిరుగుతూ పాటలు రాశాడు, వరుసలు కట్టాడు, వేణువు వాయించాడు. పండిన పంటలో మూడింట రెండు వంతులు కౌలుదారుకే దక్కాలన్న తెభాగా పోరాటానికి ఆయన రాసిన పాట ఊళ్లకు ఊళ్లు పాడుకున్నాయి. 1946 జూలై 29 సార్వత్రిక సమ్మె మీద కూడా పాట కట్టాడు. 1948లో పార్టీపై నిషేధం వచ్చాక కొంతకాలం సుందరవనాల్లో అజ్ఞాతంలో ఉన్నాడు.

ఈ పాటలు వినేవాళ్లకు బాగానే పట్టాయి. చిక్కు లోపలి నుంచి వచ్చింది. సలిల్ బృందగీతాల్లో పాశ్చాత్య పద్ధతి హార్మనీ చేరుతోంది. ఒక గుంపు సాగదీసిన స్వరం పట్టుకుంటే ఇంకో గుంపు దానిమీద మరో వరుస అల్లుతుంది. ఇది రైతు పాట ఎలా అవుతుందని ఇప్టాలోనే అడిగారు. ఈ వాదంలో అవతలి పక్షాన నిలబడినవాడు సామాన్యుడు కాదు, సిల్హట్ జానపదాన్ని ఒంటబట్టించుకున్న హేమాంగ బిశ్వాస్. ఆయన వాదన తీసిపారేయదగ్గది కాదు. జానపదానికి ఒక నేల ఉంటుంది, ఒక యాస ఉంటుంది. ఆ యాసను తీసేసి నాలుగు గొంతుల హార్మనీలో పోస్తే అది పట్నపు చదువుకున్న కుర్రాళ్ల పాటవుతుందే తప్ప రైతు దాన్ని తిరిగి పాడలేడు. సలిల్ వైపు నుంచి చూస్తే, జూట్ మిల్లు కార్మికుడు ఇప్పుడు ఊళ్లో లేడు. అతను యంత్రాల మధ్య, పది భాషల మనుషుల మధ్య బతుకుతున్నాడు. కొత్త బతుకుకు కొత్త శబ్దం కావాలి, అది ఏ దేశం నుంచి వచ్చినా సరే. తమాషా ఏమిటంటే, అమెరికా నల్లజాతి శ్రామికుడు జాన్ హెన్రీ గాథను బెంగాలీలోకి తెచ్చి జనం నోట పెట్టింది ఆ హేమాంగ బిశ్వాసే. అంటే పరాయి పాటకు తలుపు తెరవాలా వద్దా అన్నది వాళ్ల తగాదా కాదు. తెచ్చుకున్న పాట ఇక్కడి గొంతులో ఏ రూపంలో నిలుస్తుందన్న దగ్గరే ఇద్దరికీ పడలేదు.

తగాదా సంగీతంతో ఆగలేదు. 1949లో హేమంత కుమార్ పాడిన పల్లెపడుచు పాట సలిల్‌కు బెంగాల్ అంతటా పేరు తెచ్చింది. కరువుకు ముందు ఆనందంగా సాగిన సంసారం కరువులో ఎలా కూలిపోయిందో చెప్పే దీర్ఘ గీతం అది. అందులో పోరాట పిలుపు లేదు, నిరాశ ఉందని విమర్శ వచ్చింది. రాసిన ప్రతి పాటకూ ఎవరిదో ఆమోదం కావాల్సిన పరిస్థితి సలిల్‌కు ఊపిరాడనివ్వలేదు. బిమల్ రాయ్ పిలుపు మీద 1950ల మొదట్లో బొంబాయి వెళ్లిపోవడానికి డబ్బు అవసరం ఎంత కారణమో ఇదీ అంతే కారణం. పార్టీకి దూరమయ్యాడు గానీ బృందగానాన్ని వదల్లేదు.

ఇక ఆయన పాటలు ఎలా ఎంచాడన్నది చూస్తే సంగీతం తెలిసినవాడి లెక్క కనిపిస్తుంది. ప్రపంచంలోని ప్రతి మంచి పాటా మన కోరస్‌కు పనికిరాదు. గమకాలతో ఊగే వరుస మీద మరో వరుస పెడితే రెండూ ఢీకొంటాయి, శ్రుతి చెదురుతుంది. నిలకడగా నిలిచే స్వరాలు, సూటి నడక, పట్టుకోవడానికి తేలికైన లయ ఉన్న పాటలే పదిమందికీ నప్పుతాయి. మెడోలాండ్స్ అలాంటిదే. పైగా అది పాశ్చాత్యుల మైనర్ స్కేల్‌లో ఉంది. ఆ మెట్లే మన నటభైరవిలో ఉన్నాయి, హిందుస్తానీవాళ్లు ఆసావరి థాట్ అంటారు. అందుకే ఆ రష్యన్ వరుస మన చెవికి పరాయిగా తోచదు, పాత విషాద గీతంలా తగులుతుంది. మొజార్ట్ 40వ సింఫనీ ఆరంభాన్ని 1961లో 'ఛాయా' సినిమాకు వాడుకున్నప్పుడూ ఇదే తర్కం, అది కూడా మైనరే. 1958 నాటి 'మధుమతి'లో ముకేశ్ పాడిన హుషారు పాటకు ఆధారమైన పోలండ్ జానపదం మాత్రం మేజర్‌లో గంతులు వేస్తుంది. కొండదారిలో నడిచే మనిషికి అది సరిపోయింది.

మూడింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మొజార్ట్ ముక్క అందంగా ఉన్నా అది అలంకారమే, ఎరువు తెచ్చుకున్న సంగతి దాచినా దాగదు. మెడోలాండ్స్ అలా కాదు. అక్కడ వరుసతో పాటు దాని పని కూడా ఇక్కడికి వచ్చింది. సాగిపోతున్న మనుషులకు వెనక నుంచి నేల చెప్పే మాటను గుంపుగా పాడటమే ఆ పని. సలిల్ గొప్పగా ఎంచిన పాటలన్నిటిలో ఇది కనిపిస్తుంది.

ఒక్కోసారి ఆయన బయటి వరుసను అసలు ముట్టుకోలేదు, పద్ధతిని మాత్రమే తీసుకున్నాడు. సుకాంత భట్టాచార్య 'రన్నర్' కవితకు కట్టిన బాణీలో టపా మోసే మనిషి పరుగెత్తే కొద్దీ పాట ఆధార షడ్జమమే మారిపోతూ ఉంటుంది. మన పాటల్లో అరుదైన పని అది. 1956 నాటి 'జాగ్‌తే రహో' చివర వచ్చే మేలుకొలుపును భైరవ్ రాగంలోని పాత బందిష్ ఆధారంగా కట్టి, లత గొంతు వెనక కోరస్‌ను నిలబెట్టాడు. భైరవ్ లాంటి బరువైన రాగం మీద కోరస్ పెట్టడం సాహసమే. అక్కడ ఆయన గొంతులను రాగం మధ్యకు తేలేదు, వెనక గోడలా నిలిపాడు.

సినిమా కోరస్‌తో తృప్తి పడివుంటే ఆయన మరో సంగీత దర్శకుడిగా మిగిలిపోయేవాడు. 1950ల ద్వితీయార్ధంలో ఆయన బాంబే యూత్ కోయర్‌ను ఏర్పాటు చేశాడు. ఇప్టా పాత మిత్రులు, సినిమా గాయకులు అందులో చేరారు. మన దేశంలో బహుస్వర బృందగానం అప్పటిదాకా ఎక్కువగా చర్చిలో వినిపించేది. దాన్ని ఇక్కడి జానపదాలకూ, ఇక్కడి భాషల పాటలకూ వాడటం ఈ బృందం ప్రత్యేకత. రూమా గుహ ఠాకుర్తా 1958లో కలకత్తాలో మొదలుపెట్టిన కలకత్తా యూత్ కోయర్ వెనకా సలిల్ ఉన్నాడు, సత్యజిత్ రే కూడా ఉన్నాడు. ఆ బృందం 1974లో కోపెన్‌హాగెన్ యువజనోత్సవంలో మొదటి బహుమతి గెలిచింది.

మద్రాసులో ఇదే దారి పట్టినవాడు చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్. ఆయనా వామపక్ష ఉద్యమం నుంచి వచ్చినవాడే, సినిమా వాద్యకారుల హక్కుల కోసం సంఘం నడిపినవాడు. 1970ల మొదట్లో ఆయన మద్రాస్ యూత్ కోయర్‌ను నిలబెట్టాడు. అనేక భారతీయ భాషల పాటలను బహుస్వరంలో పాడించాడు. ఏ భాష పాటనైనా పక్క రాష్ట్రపు పిల్లలు కలిసి పాడగలగాలన్నది ఆయన పట్టు. ప్రపంచ పాట అంటే సముద్రాలు దాటి వచ్చిందే కానక్కర్లేదు, తమిళ పిల్లవాడికి అస్సామీ పాట కూడా అంతే దూరం.

సలిల్ కూడా ఆ దూరాలు తిరిగినవాడే. పదికి పైగా భాషల సినిమాలకు పనిచేశాడు. 1965లో 'చెమ్మీన్'తో మలయాళంలో అడుగుపెట్టి, వల నిండిన జాలరుల సంబరాన్ని గుంపు పాటగా కట్టాడు. తెలుగులో 1974 నాటి 'ఛైర్మన్ చలమయ్య'కు సంగీతం ఇచ్చాడు. అన్నిచోట్లా గొంతులను బరువుగా పేర్చడం ఆయన అలవాటు. ఒక సౌకర్యం కోసం అదే బాణీని రెండు మూడు భాషల్లో వాడుకోవడమూ అలవాటే. ఇది అభిమానులకు కూడా కాస్త చికాకు కలిగించేది.

చివరి దశలో కలకత్తా తిరిగివెళ్లి, కొత్త పాటలతో పాటు ఇప్టా నాటి పాటలనూ మళ్లీ రికార్డు చేయించాడు. 1940లలో పోలీసులు వెంటపడుతుండగా పుట్టిన పాటల్లో చాలావాటికి అప్పట్లో రికార్డే లేదు. కొన్నిటిని సభల్లో పాడినవాళ్ల జ్ఞాపకం నుంచే తిరిగి కూర్చాల్సి వచ్చింది. 1995 సెప్టెంబర్ 5న ఆయన కన్నుమూశాడు.